ఆ గురువారం రిలీవ్ కాలేదన్నాను

మొన్నొక సాయంత్రం మా ఇంటివారి మనవరాలు ఇంగ్లీషు నోటుపుస్తకం పట్టుకుని మెట్లెక్కి నా గదికి వచ్చింది. సామర్లకోటలో వాళ్ళ మేడమీద వాటాలో నేనొక్కణ్ణే ఉంటున్నాను కాబట్టి, పాలపాకెట్టు ఇవ్వడానికో కరెంటు బిల్లు అందివ్వడానికో తప్ప ఆ మెట్లు ఎవరూ ఎక్కరు, అందుకని పిల్ల కనబడగానే నాకు పండగలా అనిపించింది. బడిలో పది ఇంగ్లీషు క్రియలిచ్చి ఒక్కొక్కదానికి అర్థం రాసి, సొంతంగా ఒక్కో వాక్యం రాసుకు రమ్మన్నారట. తొమ్మిదింటికి తనే రాసుకుంది, పదోది ‘రిలీవ్’. ఫోనులో వెతికితే ఉపశమనం కలిగించు, బాధ తగ్గించు అని వచ్చిందిట గాని వాక్యం తోచలేదట. రైల్వేలో పనిచేసిన తాతగారికి ఇంగ్లీషు రాకపోతుందా అని నా దగ్గరకొచ్చింది.

రావడం అంటే, నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆ ఒక్క క్రియేనని చెప్పినా అబద్ధం కాదు. ఒకడు నిలబడ్డ చోటులోకి ఇంకొకడొచ్చి నిలబడి, ఇక నువ్వు వెళ్ళవచ్చు అనడాన్ని రిలీవ్ చేయడం అంటారమ్మా అని చెప్పాను. ఆరు గంటలకి బాబాయి నన్ను రిలీవ్ చేశాడు అని రాసుకోమన్నాను. ఆ పిల్ల అనుమానంగా ఫోను పైకీ కిందకీ తోసి చూస్తే, అడుగున ఎక్కడో నేను చెప్పిన అర్థం కూడా ఉంది. అయినా మా మేడమ్‌కి మొదటి అర్థమే నచ్చుతుందండీ తాతగారూ అని, మాత్ర వేసుకుంటే తలనొప్పి రిలీవ్ అయిందని రాసుకుని చెంగున దిగి వెళ్ళిపోయింది. ఆ మాటని మాత్రం నా దగ్గరే వదిలేసి వెళ్ళింది.

ఉద్యోగాలు చేసిన నా ఈడువారికి ఈ మాటతో ఎంత సంబంధమో వేరే చెప్పక్కర్లేదు. బదిలీ ఆర్డరు చేతికొచ్చిన మేష్టారిని ఊళ్ళో అందరూ అడిగేది ఎప్పుడు వెళ్తున్నారని కాదు, రిలీవ్ అయ్యారా అని. పైవాడు రిలీవ్ చేయనంటున్నాడని ఆరునెలలు పెళ్ళాన్నీ పిల్లల్నీ ఇంకో ఊళ్ళో ఉంచి అవస్థ పడ్డవాళ్ళని ఎందర్నో చూశాను. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మా అమ్మ కూడా, సెలవుల్లో ఊరొస్తానని ఉత్తరం రాస్తే, రిలీవు ఇచ్చారా నాయనా అని జవాబు రాయించేది. కానీ మిగతా ఉద్యోగాల్లో అది ఏ నాలుగైదేళ్ళకో ఒకసారి వినబడే మాట. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర కాపలా ఉండే మాకు రోజుకి రెండుసార్లు దానితోనే పని.

కోనసీమలో పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి గేటుమన్ ఎలా అయ్యానంటే, మంత్రాలు సగంలోనూ, చదువు పదో తరగతిలోనూ ఆగిపోయిన కుర్రాడికి ఆ రోజుల్లో రైల్వేలో ఏ పని దొరికినా మహాప్రసాదమే. పిఠాపురం దాటాక పొలాల మధ్య, ఎడ్లబళ్ళూ, సైకిళ్ళూ, రోజుకి నాలుగు బస్సులూ దాటే చిన్న గేటు. పక్కనే ఒక గది, గదిలో బల్ల, స్టేషనుతో మాట్లాడే ఫోను, ఎర్రజెండా, పచ్చజెండా, చేతిలాంతరు, ప్రమాదమొస్తే బండిని ఆపడానికి పట్టాల మీద కట్టే టపాకాయల డబ్బా, ఒక రిజిస్టరు. బండి వస్తోందని ఫోను మోగితే చక్రం తిప్పి గేటు దించాలి, బండి పోయాక ఎత్తాలి. ఎదుటిమనిషి వచ్చి రిలీవ్ చేసేదాకా, ప్రాణం పోతున్నా అక్కణ్ణుంచి కదలకూడదు. పన్నెండు గంటలు ఒకడు, పన్నెండు గంటలు ఇంకొకడు, రెస్టు అయ్యాక పగలూ రాత్రీ మార్చుకునేవాళ్ళం. వారానికి రెండు రోజులు మూడో మనిషి వచ్చి, మాలో ఒక్కొక్కరికి ఒక్కో రోజు రెస్టు ఇచ్చేవాడు. నా రెస్టు గురువారం.

నాతో జతగా పనిచేసినాయన ఉప్పాడ నుంచి వచ్చేవాడు. చేపలవేట ఇంటి మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆయన్ని బాబాయి గారూ అనేవాణ్ణి, ఆయన నన్ను పంతులు గారూ అనేవాడు. ఆ ఉద్యోగంలో ఉన్న విచిత్రం ఏమిటంటే, పదకొండేళ్ళు ఒకే గదిలో, ఒకే బల్లమీద కూర్చుని బతికినవాళ్ళం, కలిసి ఉన్నది మాత్రం రోజుకి రెండుసార్లు, పదేసి నిమిషాలు. నేను వస్తే ఆయన వెళ్ళాలి, ఆయనొస్తే నేను వెళ్ళాలి. జెండాలు చూసుకుని, టపాకాయలు లెక్కపెట్టుకుని, తాళంచెవి చేతులు మార్చుకుని, రిజిస్టరులో ఇచ్చినవాడొక సంతకం, పుచ్చుకున్నవాడొక సంతకం పెట్టేవాళ్ళం. అసలు పని రెండు నిమిషాలది. మిగతా ఎనిమిది నిమిషాలూ మా సొంతం. పన్నెండు గంటలు రైళ్ళని తప్ప మనుషుల్ని చూడని ప్రాణానికి ఆ ఎనిమిది నిమిషాల్లో ఎంత మాట్లాడినా తనివి తీరేది కాదు. బాబాయి సముద్రం కబుర్లు చెప్పేవాడు, నేను మా నాన్నగారి చాదస్తాల గురించి చెప్పి నవ్వించేవాణ్ణి. రోజూ సరిగ్గా ఆరింటికి అయిదు నిమిషాల ముందే గట్టు మీద ఆయన సైకిలు కనబడేది, ఒక్కనాడూ ఆలస్యం కాలేదు. చుట్టాలూ స్నేహితులూ చాలామందే ఉన్నారు గాని, నన్ను అంత నమ్మకంగా బరువు దింపుకోనిచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆయన వట్టి చేతులతో వచ్చేవాడు కాదు. అరటిపళ్ళో, పగలగొట్టని కొబ్బరికాయో, వేసవిలో అయితే గెలతో సహా తాటికాయలో నా ముందు పెట్టి, ముంజలు మీరే కొట్టుకోండి పంతులు గారూ అని కత్తి కడిగి ఇచ్చేవాడు. తన అన్నం కేరియరు మాత్రం గదిలోకి తెచ్చేవాడే కాదు, బయట సైకిలు హేండిలుకే ఉండేది. నేనది ఆయన అలవాటనుకున్నాను. ఇదంతా ఆయన ఆలోచించే చేస్తున్నాడనీ, వండిన పదార్థం ఇస్తే నేను వద్దనాల్సొస్తుందనీ, ఆ ఇబ్బంది నాకు కలగకూడదనే అలా చేస్తున్నాడనీ నా మట్టిబుర్రకి తట్టనే లేదు. తోలు వలవని పండు, కాయ పగలని కొబ్బరి, ఇవి ఎవరిచేతి నుంచైనా మా ఇళ్ళల్లో పుచ్చుకోవచ్చు. ఆ లెక్క మా నాన్నగారికెంత తెలుసో బాబాయికీ అంతే తెలుసు.

అలా ఉండగా బాబాయి ఉప్పాడలో సముద్రానికెదురుగా, పాక తీసేసి రెండు గదుల పక్కా ఇల్లు కట్టాడు. వాళ్ళ వంశంలో స్లాబు ఇల్లు అదే మొదలట. గృహప్రవేశానికి ముహూర్తం చూసిపెట్టమని నన్నడిగాడు. మంత్రాలు పూర్తిగా రాకపోయినా పంచాంగం చూడటం నాకు బాగానే వచ్చు. మా గేటుగదిలో బల్లమీద పంచాంగం పెట్టుకుని మూడు ముహూర్తాలు రాసిచ్చాను. మొదటిది దివ్యంగా ఉందని కూడా చెప్పాను. ఆయన కాగితం చాలాసేపు చూసి, పదిహేను రోజుల తర్వాతది, మూడోదే ఖాయం చేసుకున్నాడు. అంత ఆలస్యం ఎందుకండీ అంటే నవ్వి ఊరుకున్నాడు. వారం ముందు పిలవడానికి బొట్టుపెట్టిన శుభలేఖ పట్టుకొచ్చినప్పుడు గాని నాకు అర్థం కాలేదు, అది గురువారం. “మీ రెస్టు చూసే పెట్టుకున్నానండి పంతులు గారూ. మీరు భోజనానికి ఉండాలండి మరి,” అన్నాడు. అంత పెద్దమనిషి నా ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. తప్పకుండా వస్తానన్నాను. అన్నప్పుడు నిజంగా వెళ్ళాలనే అనుకున్నాను, ఈ మాట నన్ను నమ్మండి.

ఆ గురువారం పొద్దున్న రెస్టు ఇచ్చే మనిషి ఆరింటికల్లా వచ్చి నన్ను రిలీవ్ చేశాడు. సంతకాలు పెట్టుకున్నాం. బసకి వెళ్ళి స్నానం చేసి, మడతపెట్టిన పంచె కట్టుకుని, పిఠాపురం బస్టాండులో నిలబడ్డాను. ఉప్పాడ బస్సు వచ్చింది. ఎక్కబోతూ ఒక్క క్షణం ఆగాను. బస్సులో మా ఊరివాళ్ళెవరైనా ఉంటే? బెస్తవారింట్లో విస్తరి ముందు కూర్చున్నాడని మా నాన్నగారికి చేరితే? ఆయన్ని శ్రాద్ధాలకీ పెళ్ళిళ్ళకీ పిలిచే నాలుగూళ్ళ వాళ్ళు ఏమంటారు? వెళ్ళి తినకుండా వచ్చేస్తే? అది ఇంకా అవమానం. ఇలా తర్జనభర్జన పడుతుండగా ఆ బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు వచ్చింది, అదీ వెళ్ళింది. మూడో బస్సు వేళకి నేను బస్టాండులో లేను, ఎదురు వీధిలో బ్రాహ్మణ భోజన హోటల్లో పప్పూ, వంకాయకూరా వేసుకుని తింటున్నాను. బాగా తిన్నానని కూడా గుర్తుంది, సిగ్గు లేకపోతే సరి.

ఆయన సెలవు అయ్యాక, శనివారం సాయంత్రం డ్యూటీకొచ్చాడు. నేను ఆయన మొహం చూడకుండానే, “ఏం చేయనండీ బాబాయి గారూ, ఆ రోజు మనిషి రాలేదండీ, నేను రిలీవ్ అవ్వలేదు,” అన్నాను. మా మధ్య దానికి తిరుగులేదు. రిలీవ్ కాలేదంటే కన్నతల్లి కూడా కోప్పడదు. ఆయన కూడా “అయ్యో, అలాగాండీ” అంటూనే రిజిస్టరు తెరిచాడు, చార్జి పుచ్చుకోవాలిగా. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఒక పేజీలో పది రోజులు పడతాయి. శనివారం గడికి రెండు గళ్ళపైన గురువారం ఉంది, గురువారం ఆరు గంటలకి నన్ను రిలీవ్ చేసినవాడి సంతకం ఉంది, పక్కనే నాది, వంకరలు తిరిగి మరీ నా చేతిరాతే. అబద్ధం ఆడేందుకు లోకంలో ఇన్ని మాటలుండగా, రోజుకి రెండుసార్లు సంతకం పెట్టి సాక్ష్యం ఉంచే మాటనే ఎంచుకున్నాను.

బాబాయి వేలు ఆ గడి మీద ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత కిందికి దిగి, కలం తీసుకుని, ఎప్పటిలాగే కూడబలుక్కుంటున్నట్టు ఒక్కో అక్షరం పెట్టి సంతకం చేశాడు. “పోన్లెండి పంతులు గారూ. డ్యూటీ కదండీ,” అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను కాళ్ళ మీద పడేవాణ్ణేమో. ఆ పూట మాకు ఎనిమిది నిమిషాలూ మిగిలిపోయాయి. ఇద్దరం పొలాలకేసి చూస్తూ నిలబడ్డాం, ఫోను మోగితే ఆయన చక్రం దగ్గరకి వెళ్ళాడు, నేను గట్టు దిగాను.

ఆ తర్వాత ఏమీ మారలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అయిదు నిమిషాల ముందే సైకిలు వచ్చేది. అరటిపళ్ళు వచ్చేవి, కబుర్లూ ఉండేవి. కాకపోతే కొత్త ఇంటి గురించి ఆయన మళ్ళీ ఒక్క మాట ఎత్తలేదు, మా ఇంటికి రండని మళ్ళీ అనలేదు. క్షమించమని అడగడానికి నాకు రోజుకి రెండు అవకాశాలు వచ్చేవి. రెండేళ్ళ మీద వచ్చాయి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే నాకు సామర్లకోట స్టేషనుకి బదిలీ అయింది. చివరిరోజు బాబాయే నన్ను రిలీవ్ చేశాడు. నా సంతకం తడి ఆరేదాకా రిజిస్టరు మూయకుండా పట్టుకుని, ఆరోగ్యం చూసుకోండి పంతులు గారూ అన్నాడు. నేను అలాగేనండీ అని వచ్చేశాను.

తర్వాత పెళ్ళీ, సంసారం, ప్రమోషన్లూ, అన్నీ ఒకదాని వెంట ఒకటి తోసుకొచ్చాయి. మాకు పిల్లలు లేరు. రిటైరయిన రోజు దండలు వేసి, ఇక హాయిగా ఉండండన్నారు. నాలుగేళ్ళ క్రితం మా ఆవిడ పోయింది. అప్పట్నుంచీ ఈ మేడమీద ఉంటున్నాను. ఉప్పాడ ఇక్కణ్ణుంచి ఎంత దూరమనీ, బస్సెక్కితే పూట ప్రయాణం కూడా కాదు. అయినా ఇన్నేళ్ళూ వెళ్ళలేదు, ఏం మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక. ఆ పిల్ల నోటుపుస్తకం మూసుకుని వెళ్ళాక మాత్రం ఇక ఉండబట్టలేదు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. బాబాయి బతికుంటే తొంభై దాటి ఉంటాయి, ఆ ఇంట్లో ఆయన ఎదురుగా కూర్చుని అన్నం పెట్టించుకుని, తిని, అప్పుడు నిజం చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను.

ఇల్లు లేదు. సముద్రం ఆ ఊరిని కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంటోందని పేపర్లో చదువుతూనే ఉన్నాను గాని, చదివినదాన్ని బాబాయి ఇంటికి అన్వయించుకోలేదు. అడగగా అడగగా, రోడ్డుకి ఇవతల కొత్త కాలనీలో ఆయన పెద్దకోడలు ఉందని చెప్పారు. అరవై దాటిన మనిషి, అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తోంది. ఫలానా గేటు దగ్గర మీ మావయ్య గారితో పనిచేశానమ్మా అనగానే చటుక్కున లేచి నిలబడింది. “మీరు గేటు పంతులు గారాండీ?” అంది. బాబాయి పోయి తొమ్మిదేళ్ళయిందట. ఇల్లు అంతకుముందే పోయిందట. నన్ను గట్టుదాకా తీసుకెళ్ళి, రాళ్ళకి అవతల నీళ్ళకేసి చెయ్యి చూపించి, అదిగోనండి అక్కడ అంది. ఆమె చూపించిన చోట నాకు నీళ్ళే కనబడ్డాయి.

తిరిగొచ్చి కూర్చున్నాక, గృహప్రవేశానికి రాలేకపోయాననబోయాను. ఆమే అందుకుంది. “నాకు గుర్తేనండి, అప్పటికి నా పెళ్ళయి నెల్లాళ్ళు. మీరొస్తారని మావయ్య పిఠాపురం నుంచి వంటబ్రాహ్మణ్ణి తీసుకొచ్చేరండి. కొత్త వంటింట్లో ముందు మీ వంటే అవ్వాలని, మమ్మల్నెవర్నీ పొయ్యి ముట్టుకోనివ్వలేదండి. కొత్త గిన్నెలు, మీకో పీట, అరిటాకు, అన్నీ వేరేగా పెట్టించేరు. మూడయ్యేదాకా ఎవర్నీ తిననివ్వలేదండి. ఆయన బస్సుల దగ్గరే ఉన్నారు,” అంది. ఏదో పాత సరదా కబురు చెబుతున్నట్టు నవ్వుతూనే చెప్పింది. మీకు రిలీవ్ దొరకలేదని మావయ్య చెప్పేరండి, పాపం ఆ ఉద్యోగం అలాంటిదండి అని నన్నే ఓదార్చింది కూడా. ఆ రిజిస్టరులో చూసింది ఆయన ఇంట్లో చెప్పలేదన్నమాట. నా అబద్ధాన్ని తనే మోసుకెళ్ళి వాళ్ళందరి ముందూ నిజం చేశాడు.

అమ్మా, ఇవాళ నాకింత అన్నం పెట్టు అన్నాను. ఆమె కంగారు పడిపోయింది. చెప్పి వస్తే బాగుండేదండి, వేరేగా చేయించేవాళ్ళం అంది. వేరే ఎందుకమ్మా, మీరు వండుకున్నదే పెట్టు, పచ్చడి మెతుకులైనా చాలు అన్నాను. ఆమె నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? పెద్దవాళ్ళు మర్యాదకి అలాగే అంటారనుకుంది. “మీ మంచితనం అండి,” అని, చెంగు దోపుకుని పక్క కొట్టుకి వెళ్ళి కూల్‌డ్రింకు సీసా తెచ్చి, మూత మీరే తీసుకోండి పంతులు గారూ అని నా ముందు పెట్టింది. లోపలి గదిలోంచి అప్పుడే దించిన పులుసు వాసన వస్తోంది. మళ్ళీ అడుగుదామనుకున్నాను గాని, ఆమె అంత జాగ్రత్తగా నా ఆచారాన్ని కాపాడుతుంటే, కాదనడానికి నాకు నోరు రాలేదు. మూత తీసుకుని తాగి, లేచాను.

వచ్చేటప్పుడు బస్సు మా గేటు దారినే వచ్చింది. గేటు ఇప్పుడు లేదు. పట్టాల కింద నుంచి దారి తవ్వేశారు, బళ్ళు ఆగకుండా పోతున్నాయి, ఒకరి కోసం ఒకరు కాచుకునే పనే అక్కడ లేదు. మనుషులూ మారారు, ఒప్పుకోవాలి. మా తమ్ముడి మనవడు స్నేహితులతో కలిసి ఒకే పళ్ళెంలో బిర్యానీ తింటూ తీసుకున్న ఫొటో ఫోనులో పంపిస్తే, అందులో ఎవరు ఏమిటో మావాళ్ళలో ఒక్కరూ అడగలేదు, చూసి నేనూ సంతోషించాను. ఆ రోజు బస్టాండులో నేను ఎవరెవరికి భయపడ్డానో, మా నాన్నగారూ, ఆ నాలుగూళ్ళ పెద్దలూ, వాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇవాళ నేను ఎవరింట్లో ఏం తిన్నా అడిగే నాథుడు లేడు. భోజనానికి ఉండాలండి మరి అని పిలిచేవాళ్ళూ లేరు. పొద్దున్న ఒక గ్లాసుడు బియ్యం కడిగి కుక్కర్లో పెట్టుకుంటాను, రెండు పూటలా నాకదే సరిపోతుంది.